పటంలో తొమ్మిదో గడి

నిజామాబాద్ గంజ్ వెనక గల్లీలో సురేందర్ ఫ్రేముల దుకాణం ఉంటది. ముందర అద్దాల అల్మారాలు, దేవుళ్ల పటాలు, పెండ్లి ఫొటోలు. మధ్యలో ఒక ప్లైవుడ్ గోడ. ఆ గోడ వెనక కిటికీ లేని చిన్న రూము. పన్నెండేండ్లుగా అఖిల పని ఆ రూములోనే.

సురేందర్ ఆమెకు సొంత బావ, అక్క నిరోష భర్త. కట్టుకున్నోడు నాందేడ్‌లో ఇంకో సంసారం పెట్టుకున్నంక అఖిల తల్లిగారింటికి వచ్చేసింది. బీడీలు చేసి ఇద్దరు బిడ్డలను సాదిన తల్లి తారాబాయి కూడా రెండేండ్ల కింద పోయింది. అప్పటి నుంచి అక్క ఇంటి మేడ మీద ఒక రూములో ఉంటున్నది. పొద్దున బావ బండి వెనక కూర్చొని దుకాణానికి, పొద్దుగూకినంక అదే బండి మీద ఇంటికి. ముప్పై ఆరేండ్ల మనిషి తనంతట తాను బస్సెక్కి ఎన్నాళ్లయిందో ఆమెకే యాదిలేదు.

చేతిలో మాత్రం గొప్ప పనితనమున్నది. చిరిగిన తాతల ఫొటోలు, చెదలు తిన్న దేవుని పటాలు, నీళ్లల్ల తడిసిన పట్టా కాగితాలు ఆమె దగ్గరికి వస్తే నిండు మనుషుల్లెక్క లేచి కూసునేవి. అతుకు ఎక్కడ పడ్డదో కనిపెట్టాలంటే భూతద్దం పట్టుకొని వెతకాల్సిందే.

ఆ పటం ఏడేండ్ల కింద వచ్చింది. బోధన్‌లో రాధాబాయి అనే ముసలామె ఇంట్లో అటక ఖాళీ చేస్తుంటే దొరికింది. ఆమె తండ్రి ఒకప్పుడు చక్కెర మిల్లులో డ్రాయింగులు గీసేటోడు. అక్కడ యంత్రాలు బిగించను వచ్చిన ఒక బెల్జియం ఇంజనీరు, అంతకుముందు కాంగోలో కొలువు చేసినోడట, తిరిగి తన దేశం పోతూ పటాన్ని ఆయన చేతిలో పెట్టి పోయిండు. ముసలామె దాన్ని సురేందర్‌కు ఇచ్చేసింది.

నిలువెత్తు పటం. నడుమ ఆఫ్రికా ఖండం, ఏ తెల్లదొరల రాజ్యం ఎంతవరకో తెలిసేటట్టు ఒక్కో ముక్కకు ఒక్కో రంగు. చుట్టూ అంచు పొడుగునా పద్నాలుగు గళ్లు. ఒక్కో గడిలో ఒక జాతి మనుషులు, వాళ్ల చేతిపనులు. ఒకదాంట్లో కొయ్య ముసుగు పక్కన నిలబడ్డ ముసలాయన, ఒకదాంట్లో చెక్కిన పీట మీద కూర్చున్న రాజు, ఇంకోదాంట్లో డప్పులు, ఏనుగు దంతం మీద చెక్కిన బొమ్మలు. ఎవరి ముఖంలోనూ నవ్వు లేదు. గీసినోడు ఉండమన్నచోట ఉన్నట్టున్నరు అందరూ.

తొమ్మిదో గడిలో ఒక ఆడమనిషి కింద కూర్చొని ఉన్నది. ఆమె తల, భుజాలు, మోకాళ్లు సాఫుగనే ఉన్నయి. ఒళ్లో మాత్రం అరచెయ్యి అంత బొక్క. చెదలు తినేసినయి.

"బావా, ఈమె ఒళ్లె ఏమున్నదో మనకు ఎర్క లేదు గదా. గట్లనే ఇడిసిపెడదామా?" అన్నది అఖిల అప్పుడు.

"బొక్క ఉంటే పటం ఎవడు కొంటడు? ఏదో ఒకటి గియ్యి. ఆఫ్రికా వాళ్లొచ్చి చూస్తరా ఏంది?" అని నవ్విండు సురేందర్.

అఖిల రెండు రోజులు ఆలోచించింది. ఆ మనిషి కూర్చున్న తీరు, మెడ వంచిన తీరు చూస్తే అమ్మ బొంత కుట్టుకుంట కూర్చున్నట్టే అనిపించింది. అందుకే ఒళ్లో ఒక బట్ట గీసింది. బట్ట మీద అమ్మ బొంత కుట్టునే దింపింది. గడిలో గడి, దాంట్లో ఇంకో గడి. పాత చీరె ముక్క అయిపోయిన చోట కుట్టు ఆగి వెనక్కి మళ్లుతది, రెండు కొసలు కలువవు. అది కూడా అట్లనే గీసింది. చాయ్ డికాక్షన్‌తో కాగితానికి వయసు తెచ్చి, పాత సిరా రంగు కలిపి పని ముగించింది. ఆ పని చూసుకొని ఆమెకే ముచ్చటయింది.

పటం ఎవరూ కొనలేదు. దుకాణంలో ఎదురుగోడకు ఏడేండ్లు వేలాడింది. పోయిన వానాకాలం సురేందర్ దాని ఫొటో ఇన్‌స్టాగ్రామ్‌ల పెట్టిండు. పెట్టిన పది రోజులకు జోసెఫీన్ వచ్చింది.

పొడుగు మనిషి. ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది ఉంటయి. కాంగో దేశం. హైదరాబాద్‌లో యూనివర్సిటీల పీహెచ్‌డీ చేస్తున్నది, పాత పటాల మీదనే. నాలుగేండ్లుగా ఉంటున్నది కాబట్టి హిందీ బాగనే మాట్లాడుతది. వచ్చీ రాంగనే పటం ముందర నిలబడ్డది. ఒక్కో గడి చూసుకుంట, కింద ఫ్రెంచిల రాసిన ముక్కలు చదువుకుంట వచ్చి తొమ్మిదో దాని కాడ ఆగిపోయింది. బ్యాగు కింద పెట్టింది. ముఖం దాదాపు అద్దానికి ఆనించింది.

అఖిల ప్లైవుడ్ గోడ తలుపు సందులోంచి చూస్తనే ఉన్నది. ఆ పిల్ల భుజాలు కదులుతుంటే ఏడుస్తున్నదని అర్థమయ్యెతందుకు కొంచెం సేపు పట్టింది.

సురేందర్ గాబరాపడి "అఖిలా, నీళ్లు తే" అన్నడు.

నీళ్లు తాగి జోసెఫీన్ కుర్చీల కూర్చున్నది. "మన్నించండి. మా ఊరు కసాయి నది దగ్గర" అన్నది హిందీలో.

"కసాయి?" అన్నది అఖిల, ఉలిక్కిపడి.

"నది పేరు, దీదీ. ఇక్కడ ఆ మాటకు అర్థం వేరే అని నాకు తెలుసు. హైదరాబాద్‌లో మాంసం దుకాణం బోర్డు చదివినప్పుడు నేనూ భయపడ్డాను." కండ్లు తుడుచుకుంట నవ్వింది. మళ్లా పటం దిక్కు తిరిగింది. "ఈ గడి కింద ఏం రాశారో తెలుసా? 'చేతిపనిలో నేర్పరులు, స్వభావం చేత సోమరులు.' మా వాళ్ల గురించి. మా దగ్గర మగవాళ్లు ఆకుల నారతో బట్ట నేస్తారు, ఆడవాళ్లు దాని మీద కుట్టు వేస్తారు. ఒక్కో ఇంటి ఆడవాళ్లకు వాళ్లదైన కుట్టు ఉంటుంది. మా అమ్మమ్మ వాళ్లమ్మ తన చావు కోసమని తానే ఒక బట్ట కుట్టి పెట్టుకుంది. మా దగ్గర మనిషిని ఆ బట్టలతోనే పాతిపెడతారు. దాన్ని ఎవరో దొర తీసుకుపోయాడు. ఏ దేశం పోయిందో తెలియదు. అమ్మమ్మకు అప్పుడు ఐదారేళ్లు. ఆ కుట్టు ఎట్లా ఉండేదంటే ఒక్కటే చెబుతుంది: దారి పోతూ పోతూ ఆగుతుంది, వెనక్కి మళ్లుతుంది, కొసలు కలవవు అని."

లేచిపోయి వేలుతో చూపించింది. "ఇదిగో. ఆగింది. మళ్లింది. కలవలేదు."

అఖిలకు చేతుల్లోని గ్లాసు బరువెక్కింది. అప్పుడే చెప్పాల్సింది. నోరు తెరిచింది కూడా. సురేందర్ ఆమె దిక్కు చూడనే లేదు, "ఒరిజినల్ మేడమ్, నూరు శాతం ఒరిజినల్. బోధన్ల ఒక్కటే ఇంట్ల ఉండె" అంటున్నడు. జోసెఫీన్ రెండు చేతులతో అఖిల చెయ్యి పట్టుకొని, "ఇన్నేళ్లు దీన్ని కాపాడింది మీరేనట కదా దీదీ" అన్నది. ఆ చెయ్యి వెచ్చగ ఉన్నది. అఖిల నోరు మూసుకున్నది.

రాధాబాయిని చూడాలని జోసెఫీన్ పట్టుబట్టింది. సురేందర్‌కు దుకాణం వదిలిపోవుడు కుదరదు. "మా మరదలు వస్తది మీ వెంట. తెలుగు మాటలు హిందీల చెప్తది" అన్నడు.

మరునాడు ఇద్దరూ బోధన్ బస్సు ఎక్కిండ్రు. ఎడపల్లి దాటినంక రోడ్డుకు రెండు దిక్కుల వరి, అక్కడక్కడ చెరుకు మడులు. జోసెఫీన్ కిటికీ పక్కన కూర్చొని తన ఊరి ముచ్చట్లు చెప్పింది. వాళ్ల అమ్మమ్మకు తొంభై ఏండ్లట, చూపు మసకట, ఉప్పుచేపలంటే ప్రాణమట. తన అన్నం డబ్బాలోంచి సగం తీసి అఖిలకు పెట్టింది. ఒక్కో ముద్ద తింటుంటే అఖిలకు బస్సు ఆపి దిగిపోదామా అనిపించింది. దిగి ఎటు పోతది?

రాధాబాయికి ఎనభై నాలుగు. ఒంటరిగ గడప ముందర మంచంల కూర్చొని ఉన్నది. చెవులు వినపడవు, చెవి దగ్గర నోరు పెట్టి అరిస్తేగాని పలుకదు. అఖిల పటం పేరెత్తంగనే ముసలామె ముఖం వెలిగింది.

"పద్నాలుగు గళ్ల పటం గదా? మా బాపు మంచం మీద ఏలాడుతుండె. ఎందుకు యాదుండదు బిడ్డా?"

"తొమ్మిదో గడిల ఒక ఆడమనిషి కూసోని ఉంటది. యాదికున్నదా అవ్వా?"

"ఎందుకు లేదు! ఆమెను సూస్తెనే మాకు భయం. ఒళ్లె గిన్నె పట్టుకొని ఉంటుండె."

అఖిల మంచానికి దగ్గరగ జరిగింది. "గిన్నెనా? బట్ట కాదా?"

"బట్ట ఏడిది? గిన్నె. కట్టె గిన్నె. దాని మీద మనిషి మొఖం చెక్కి ఉంటుండె, కంటిగుడ్లు గింతింత లావు. మా తమ్ముడు గుడ్లగిన్నె అనేటోడు దాన్ని. అన్నం తినకుంటే గుడ్లగిన్నె వస్తదని మా అమ్మ భయపెట్టేది." ముసలామె బోసినోటితో నవ్వింది.

జోసెఫీన్ ముందుకు వంగి, "ఏమంటున్నది దీదీ? బట్ట గురించి ఏమన్నా చెప్పిందా?" అని అడిగింది.

ఆ ఇంట్లో ముగ్గురున్నరు. ఒకరికి తెలుగు రాదు, ఒకరికి వినపడదు. నడుమ ఉన్నది అఖిల ఒక్కతే.

"చిన్నప్పటి సంగతులు" అన్నది మెల్లగ. "పటం చూస్తే పిల్లలకు భయమయ్యేదట. బట్ట... యాదికి లేదంటున్నది."

జోసెఫీన్ తల ఊపి పుస్తకంలో రాసుకున్నది. అఖిల ఆ పెన్ను కదులుతున్నంత సేపు దాన్నే చూసింది. పటం మీద గీసింది తెలియక చేసిన పని. ఇది తెలిసి చేసింది. ఇంటికి తిరిగి వచ్చేటప్పుడు బస్సుల నిద్ర వచ్చినట్టు కండ్లు మూసుకున్నది, ఆ పిల్లతోని మాట్లాడాల్సి వస్తదని.

పదిహేను రోజులు పోయినయి. ఒక పొద్దున జోసెఫీన్ నుంచి వాట్సాప్‌ల ఒక ఫొటో వచ్చింది. ముడతలు పడ్డ రెండు చేతులు, వాటిలో నార బట్ట, సూది. కింద మాటలు: "మా పిన్ని పటం ఫొటోను పెద్దగా ప్రింటు తీసి అమ్మమ్మకు చూపించింది. అమ్మమ్మ తడిమి తడిమి చూసి బట్ట అడిగిందట. తన కోసం కుట్టుకుంటున్నది. రెండు నెలలుగా మంచం దిగని మనిషి ఇప్పుడు వాకిట్లో కూర్చుంటున్నది. అంతా మీ పుణ్యం దీదీ."

అఖిల ఫోను బోర్లా పెట్టింది. ఆ రోజు పని ముట్టలేదు. మధ్యాహ్నం బావ అన్నం తినేతప్పుడు పోయి నిలబడ్డది.

"బావా, గా పిల్లకు నిజం చెప్తా."

సురేందర్ ముద్ద నోట్లో పెట్టుకోకనే చూసిండు. "ఏం నిజం?"

"గా బట్ట నేను గీసిన్నని. ఆడ ముసలామె కట్టె గిన్నె అన్నదని."

"పిచ్చి లేసిందా? బయటి దేశం మ్యూజియం వాళ్లు పటం కొంటమని ఉత్తరం రాసిండ్రు. గా పిల్ల పీహెచ్‌డీకి రాసే పుస్తకం చూసే రాసిండ్రు." కొంచెం సేపు ఆగి గొంతు తగ్గించిండు. "నేనే చెప్తలే. సమయం చూసి మెల్లగ చెప్తా. నువ్వు నడుమ పడకు."

సమయం రాలేదు. ఒక వారం అడిగితే వచ్చే వారం అన్నడు. వచ్చే వారం అడిగితే కోపానికొచ్చిండు. అఖిల అక్కకు చెప్పుకున్నది. నిరోష చపాతీలు ఒత్తుకుంటనే విన్నది.

"నువ్వు చెప్పింది తప్పని నేనంటలేను" అన్నది నిరోష. "కని చెల్లే, గీ ఇంట్ల నువ్వు, నేను, ఇద్దరు పిల్లలు అందరం గా దుకాణం మీదనే బతుకుతున్నం. దొంగ పటాలు అమ్ముతడని పేరొస్తే దేవుని పటం కొనేతందుకు కూడ ఎవడు రాడు. గప్పుడు నువ్వు యాడికి పోతవ్? నేను యాడికి పోతా?"

అఖిల ఒత్తిన చపాతీని తీసి పెనం మీద వేసింది. అక్క బెదిరిస్తలేదు, నిజంగనే అడుగుతున్నది. అది ఇంకా కష్టం. మేడ మీదికి పోయి కూర్చుంటే గోడలు దగ్గరికొచ్చినట్టు అనిపించేది. కింద అక్క, పొద్దున బావ, ఫోనులో జోసెఫీన్. ఎటు చూసినా తనకు మేలు చేసినోళ్లే ఉన్నరు. ఎవరో ఒకరికి ద్రోహం చెయ్యకుండ బయటపడే దారి కనబడలేదు. ఆ నెల ఆమె సగం చిక్కిపోయింది.

దసరా వెళ్లినంక జోసెఫీన్ మళ్లా వచ్చింది. ఈసారి పటం ముందర నిలబడి తన అమ్మమ్మ కథ, బట్ట కథ చెప్పుకుంట వీడియో తీసుకుంటనన్నది. యూనివర్సిటీల చూపెడతరట, ఆ మ్యూజియానికీ పోతదట. ఆమె స్టాండు మీద ఫోను బిగిస్తుంటే అఖిల చెప్పేతందుకు ఆమె దగ్గరికి పోబోయింది. సురేందర్ అడ్డమొచ్చిండు.

"వెనక రూముల మెత్త గుడ్డ ఉన్నది, అద్దం తుడుస్తందుకు తే."

అఖిల లోపలికి పోయింది. వెనక నుంచి గొళ్లెం పడ్డ చప్పుడయింది.

మొదలు ఆమెకు అర్థం కాలేదు. తలుపు నెట్టింది. రాలేదు. "బావా" అన్నది మెల్లగ, ముందర మనిషి ఉన్నదని పరువుకు పోయి.  ఫ్యాను ఒకటే తిరుగుతున్నది. వార్నిషు వాసన. బల్ల మీద సగం అతికిన ఎవరో పెద్దాయన ఫొటో. పన్నెండేండ్లు ఆ రూముల కూర్చున్నది కాని, దానికి కిటికీ లేదన్న సంగతి ఆమెకు ఆ రోజు తెలిసినట్టు ఎన్నడూ తెలువలేదు. ఊపిరాడలేదు. గోడకు చెయ్యి ఆనించి నిలబడ్డది.

ప్లైవుడ్ అవతల జోసెఫీన్ గొంతు సాఫ్‌గ వినపడుతున్నది. తన పేరు చెప్పింది. అమ్మమ్మ పేరు చెప్పింది. "ఎనభై ఏళ్ల కింద మా ఇంటి నుంచి పోయిన కుట్టు ఈ గడిలో నాకు దొరికింది" అన్నది. 

అఖిల పిడికిలితో గోడను కొట్టింది. ఒకసారి కాదు. గోడ మీది పలకలు కదిలి అవతల ఏదో పటం కింద పడి అద్దం పగిలింది.

"జోసెఫీన్!" అని హిందీలో అరిచింది. "అది మీ కుట్టు కాదు! నేను గీసిన! చెదలు తిన్న చోట నేనే గీసిన! మా అమ్మ కుట్టిన బొంత అది!"

అవతల మాటలు ఆగిపోయినయి. సురేందర్ "మేడమ్, ఆమెకు జర తబియత్ మంచిగ లేదు..." అంటున్నడు. అడుగుల చప్పుడు. గొళ్లెం తీసింది జోసెఫీనే.

తలుపు దగ్గర నిలబడి అఖిలను చూసింది. ఆ చూపుల కోపం లేదు. ఇంకా అర్థం చేసుకుంటున్నది. "మళ్లీ చెప్పండి" అన్నది.

అఖిల చెప్పింది. బొక్క సంగతి, రంగు సంగతి, చాయ్ నీళ్ల సంగతి. చెప్పుకుంట పోతుంటే మాటలు తేలికైనయి. జోసెఫీన్ మొత్తం విని, "ఇంకేమన్నా ఉన్నదా?" అని అడిగింది.

అక్కడ ఆపేస్తే అయిపోయేది. "ఉన్నది" అన్నది అఖిల. "బోధన్ల అవ్వకు అన్నీ యాదికున్నయి. ఆమె ఒళ్లె ముఖం చెక్కిన కట్టె గిన్నె ఉండేదని చెప్పింది. నేను మీకు వేరే చెప్పిన."

జోసెఫీన్ ముఖం అప్పుడు మారింది. పటం దిక్కు ఒకసారి చూసింది.

"ఆ గడి కింద మమ్మల్ని సోమరులని రాసినవాడు ఎప్పుడో చచ్చిపోయాడు" అన్నది చివరికి. "నువ్వు నా పక్కన బస్సులో కూర్చున్నావు. నా డబ్బాలో అన్నం తిన్నావు."

ఫోను, స్టాండు బ్యాగుల పెట్టుకొని పోయింది. బయటికి పోయేటప్పుడు పగిలిన అద్దం ముక్కల మీద నుంచి జాగ్రత్తగ కాలు వేసింది.

సురేందర్ పగిలిన అద్దం ముక్కలు తనే ఏరిండు. బండి మీద ఇంటికి తీసుకొచ్చినంక గేటు దగ్గర, "రేపటి సంది దుకాణానికి రాకు" అన్నడు. మ్యూజియం వాళ్లకు జోసెఫీనే నిజం రాసి పంపింది. వాళ్ల నుంచి మళ్లా ఉత్తరం రాలేదు. అఖిల మేడ మీదనే ఉండిపోయింది. అక్క అన్నం పెడుతున్నది కాని కండ్లల్లకు చూస్తలేదు. పని లేదు, మాట లేదు. చెప్పినంక బయటపడతననుకున్నది, చెప్పినంక ఇంకా ఇరుకైంది.

పదకొండో రోజు పొద్దున ఎవరికీ చెప్పకుండ ఇల్లు దాటింది. బస్టాండుకు నడిచిపోయి బోధన్ బస్సెక్కింది. చేతిసంచిల కాగితాలు, పెన్సిలు. రాధాబాయి మంచం పక్కన కింద కూర్చొని, ఆమె చెవి దగ్గర అరిచి, "అవ్వా, గా గుడ్లగిన్నె ఎట్లుంటుండెనో చెప్పు. నేను గీస్త" అన్నది. ఫోనుల ఆమె మాటలు రికార్డు పెట్టింది.

గీయడానికి నాలుగు గంటలు పట్టింది. "మూతి గింత ఎడల్పు లేకుండె బిడ్డా." చెరిపింది. "చెవులు ఇంక కిందికి." చెరిపింది. ముసలామె కండ్ల దగ్గర పెట్టుకొని చూసి ఔననేదాక ఒక్కో గీత నాలుగైదుసార్లు గీసింది. ముఖం వచ్చింది. పిడి వచ్చింది. గిన్నె నడుము చుట్టూ జాగ మిగిలింది.

"ఈడ ఏమన్న పూలున్నయా అవ్వా? గీతలున్నయా?"

రాధాబాయి బాగ ఆలోచించింది. "ఏందో ఉంటుండె. యాదికొస్తలేదు."

అఖిల పెన్సిలు ఆ జాగ మీదనే ఆగింది. ఏముంటే బాగుంటదో ఆమె చేతికి తెలుస్తనే ఉన్నది. నడుము చుట్టూ రెండు సన్నగీతలు, వాటి నడుమ చుక్కలు. పెన్సిలు కాగితానికి తాకనిచ్చి, తీసేసింది. ఆ జాగ తెల్లగనే వదిలి కింద రాధాబాయి పేరు, తారీఖు రాసింది. బొమ్మ ఫొటో, రికార్డు రెండూ జోసెఫీన్‌కు పంపింది.

రెండు రోజులకు జవాబు వచ్చింది: "అవ్వ మాటలన్నీ, ఒక్కటి వదలకుండా, హిందీలో రాసి పంపు. దగ్గు వచ్చినచోట దగ్గిందని రాయి." అఖిల అట్లనే రాసి పంపింది.

తర్వాత ఒకసారి జోసెఫీన్ ఫోను చేసింది. పుస్తకంలో ఆ భాగం మొత్తం తిరగరాసిందట. గిన్నె బొమ్మ పెట్టిందట, అఖిల చేసిన పని కూడ పేరుతో సహా రాసిందట. అఖిల సరే అన్నది. "మీ అమ్మమ్మకు చెప్పిండ్రా?" అని అడిగింది.

అవతల నుంచి జోసెఫీన్ మెల్లగ అన్నది: "చెప్పలేదు. రోజూ కుడుతున్నదట. ఎట్లా చెప్పాలి? ఆ కిటికీ లేని రూములో ఇప్పుడు నేనూ ఉన్నాను దీదీ."

రెండు నెలలకు సురేందర్ మళ్లా పిలిచిండు. పని ఆగిపోయింది, వచ్చిన ఫొటోలు వచ్చినట్టు పేరుకున్నయి. ఇంకో మనిషిని పెట్టి చూసిండట, పనికి రాలేదు. కబురు అక్కతోని పంపిండు. తొమ్మిదో గడి కింద 'ఈ భాగం తర్వాత గీసింది' అని చీటి అతికిస్తేనే వస్తనన్నది అఖిల. సురేందర్ రెండు రోజులు గొణిగి అతికించిండు. తలుపుకు గొళ్లెం కూడ తీసేయించిండు, అడగకముందే. కాని రూము అదే రూము. పోవడానికి వేరే చోటు లేదు, పోయింది. ఒక్కటే మారింది: పొద్దున బావ బండి ఎక్కుతలేదు, నడిచి పోతున్నది.

చలికాలం చివర్ల ఒక రోజు బల్ల ముందర కూర్చొని ఉంటే జోసెఫీన్ నుంచి మెసేజు వచ్చింది. అమ్మమ్మ పోయింది. బట్ట పూర్తయిన వారానికి పోయింది. దాన్ని ఆమె మీద కప్పే పాతిపెట్టిండ్రు. పిన్ని తీసిన ఫొటో ఒకటి పంపింది.

"చూడు దీదీ" అని రాసింది. "మొదటి మూడు వరసలు మీ అమ్మవి. తర్వాత అమ్మమ్మ నీ బొమ్మ వైపు చూడటం మానేసిందట, పిన్ని చెప్పింది. మిగతాది వేరే. వాళ్లమ్మ కుట్టా, తన సొంతమా, నాకు తెలియదు. అడగడానికి ఇప్పుడు ఎవరూ లేరు."

అఖిల ఫొటోను రెండు వేళ్లతో పెద్దగ చేసింది. మూడు వరసలు, గడిలో గడి, తను గీసినట్టే. నాలుగో వరస నుంచి గీతలు వంకర తిరిగినయి, విడిపోయినయి, ఒకదాని కింది నుంచి ఇంకొకటి దూరి పోయినయి. అట్లాంటి కుట్టు ఆమె ఎన్నడూ చూడలేదు. బట్ట మడత పడ్డచోట ఎటు పోయినయో కనబడలేదు. ఫోనును అటు తిప్పింది, ఇటు తిప్పింది. కండ్లల్ల నీళ్లు నిండి అసలే కనబడుడు ఆగింది.

ముందర నుంచి సురేందర్ పిలిచిండు, ఎవరో పెండ్లి ఫొటో కోసం వచ్చిండ్రని. అఖిల కొంగుతో ముఖం తుడుచుకొని లేచింది.